పెడల్ గట్టిపడే దాకా

మా పికప్పుకు వణుకుడు రోగం పట్టుకుంది. మామూలుగా వెళ్తున్నంతసేపూ బుద్ధిగానే ఉండేది. దిగుడు రోడ్డు మీద బ్రేకు తొక్కానా, స్టీరింగు నా చేతుల్లో గజగజలాడేది, వెనక ట్రేల్లో బన్నులు ఒకదాన్నొకటి తోసుకునేవి. మొదట్లో రోడ్డును తిట్టాను. తరవాత టైర్ల మీద పడి గాలి కొట్టించాను. చివరికి ఒకరోజు పొద్దున బ్రేకు తొక్కగానే ఇనుముతో ఇనుమును గీకిన చప్పుడు వచ్చి పళ్ళు జివ్వుమన్నాయి. ఇక నన్ను నేను మోసం చేసుకోవడానికి దారి లేకపోయింది.

మాది రొట్టెల పని. మా ఆయన కాలుస్తాడు, నేను మోస్తాను. బేకరీ మెట్ట మీద ఉంది, కొనే కొట్లన్నీ కింద బజార్లో ఉన్నాయి. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి, పైగా స్టీరింగు పట్టుకోమంటే ఆయనకు అప్పటికప్పుడు నడుం నొప్పి వస్తుంది. అందుకని ఆ బండి నాది, ఆ దిగుడు నాది, ఆ వణుకూ నాదే అయింది.

పొద్దుటి సరుకు ఎలాగో దించి, తాబేలులా పాకుతూ ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన పిండి చేతులు దులుపుకుంటూ బయటికొచ్చి ముందు చక్రం వంక చూశాడు.

"డిస్కులు పోయుంటాయి. మేస్త్రీ షెడ్డులో వదిలేసి రావాల్సింది."

"ఇంట్లో మెకానిక్కును పెట్టుకుని షెడ్డుకెందుకు?" అన్నాను, లోపలికి వినబడేలా.

లోపల బల్ల దగ్గర మా తమ్ముడు బన్నులు కాగితం సంచుల్లో సర్దుతున్నాడు. వాడి చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సర్దడం మొదలుపెట్టాయి.

వాడి సంగతి చెప్పాలి. కింద బజార్లో మేస్త్రీ షెడ్డులో పని నేర్చుకుని, అక్కడే మేస్త్రీకి కుడిభుజమయ్యాడు. బ్రేకు పనంటే వాడే చెయ్యాలని బండ్లవాళ్ళు కాచుకుని కూర్చునేవాళ్ళు. దాంతో వాడికి కాస్త పొగరు కూడా వచ్చింది. నేను బండి నడిపే తీరు చూసి నెత్తి కొట్టుకునేవాడు. నా నోటికి ఊళ్ళో అందరూ జడుస్తారు గాని, బండి దగ్గర మాత్రం వాడిదే పైచేయి.

కిందటి చలికాలం ఒక వ్యానుకు, చక్రం డిస్కును నొక్కి ఆపే బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేశాడు. కొత్తవి లావుగా ఉంటాయి కాబట్టి వాటికి చోటివ్వడానికి లోపలి పిస్టన్‌ను వెనక్కి నెడతారు. నెట్టాక పెడల్‌ను బాగా తొక్కి తొక్కి వదిలితే గాని ఆ పిస్టన్ ముందుకొచ్చి ప్యాడును ఆనుకోదు. అందాకా బ్రేకు ఉన్నా లేనట్టే, తొక్కితే నేలకంటుకుపోతుంది. అందుకే ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పెడల్ గట్టిపడే దాకా బండి తాళంచెవి ఆ పని చేసినవాడి జేబులోనే ఉండాలి. వాడే తొక్కాలి, వాడే బండిని బయటికి తియ్యాలి. ఆ రోజు మా వాడు మధ్యలో భోజనానికి లేచాడు. తిరిగొచ్చాక, తొక్కేశాననే అనుకున్నాడు. బండి ముందు మేస్త్రీ నిలబడి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. మా వాడు వ్యాను కదిలించి బ్రేకు తొక్కితే పెడల్ నేల దాకా పోయింది.

మేస్త్రీ కాలు విరిగింది. ఆయన వెనక పాత టైర్ల దొంతి ఉండబట్టి అంతటితో పోయింది. ఎముక అతుక్కుంది, ఆయన మళ్ళీ లేచి తిరుగుతున్నాడు. మా తమ్ముడే షెడ్డు వైపు వెళ్ళలేదు. మా బేకరీలో చేరి, ఏది చెప్పినా 'సరే అక్కా' అనడం మొదలుపెట్టాడు. బన్నులు సర్దమంటే సరే, నేల కడగమంటే సరే. ఉప్పు లేని కూర పెట్టినా సరే. తిట్టినా సరే. నాకు తిట్టడంలో ఉన్న సుఖమే పోయింది.

మేస్త్రీ కబురు మీద కబురు పంపాడు. ఒకసారి రొట్టె ఇవ్వడానికి వెళితే నన్నే నిలేశాడు.

"అమ్మా, నా కాలు నడుస్తోంది, మీ వాడి చెయ్యే నడవడం లేదు. ఎన్నాళ్ళు దాస్తావు వాణ్ణి పిండి బస్తాల వెనక?"

"నేనెక్కడ దాచాను బాబాయ్? వాడే దాక్కున్నాడు."

"లాక్కురా మరి. ఇంకొన్నాళ్ళు పోతే ఇక రాడు. నేను చూశాను ఇలాంటివాళ్ళని."

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. నా భయమూ అదే. చెయ్యి తిరిగిన పనివాడు, నా చేతుల్లో పెరిగిన పిల్లాడు, బతికినంతకాలం బన్నులు సర్దుకుంటూ అందరికీ సరే సరే అంటూ ఉండిపోతాడేమోనని. అందుకే ఆ పొద్దున బజార్లోనే ఒక నిర్ణయానికొచ్చి, ఆ చప్పుడు సంగతి సామాన్ల కొట్టువాడికి చెప్పి, అతను చెప్పినట్టే ముందు చక్రాలకు రెండు డిస్కులూ రెండు జతల ప్యాడ్లూ కొని ఇంటికి తెచ్చాను.

వాటిని వాడి బల్ల మీద పెట్టాను. "ఒరేయ్, ఇవి వెయ్యి. సాయంత్రం సరుకు పోవాలి."

"షెడ్డుకు పంపు అక్కా. నేను బ్రేకులు ముట్టుకోను." ఇన్నాళ్ళలో వాడు సరే అననిది ఆ ఒక్కదానికే.

"నువ్వు ముట్టుకోకపోతే నేనే వేసుకుంటా. నాకేం చేతుల్లేవా?"

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిది ఇంకెంత బలవంతురాలో ఆ రోజు మా ఆయన చూశాడు. వెనక పెరట్లో, గేటు వైపు వాలుగా ఉండే గచ్చు మీద, పైన కాస్త సమంగా ఉన్నచోట బండి పెట్టాను. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, ముందు జాకీ వేసి లేపాను. పానా తగిలించి నట్టు తిప్పితే చక్రం మొత్తం తిరుగుతోంది. ఇంకా గట్టిగా తిప్పితే ఇంకా హాయిగా తిరుగుతోంది. మా ఆయన చక్రాన్ని వాటేసుకుని ఆపబోయి దాంతోపాటు తనూ వంగాడు.

గుమ్మం దగ్గర నుంచి సన్నగా మాట వినిపించింది. "చక్రం నేల మీదున్నప్పుడే నట్లు వదులు చెయ్యాలి. జాకీ తరవాత."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అన్నాను. వాడు గుమ్మం దాటి ఒక అడుగు బయటికి వచ్చాడని మాత్రం గమనించాను.

దింపి, వదులు చేసి, మళ్ళీ లేపాను. జాకీ జారినా బండి పడకుండా కింద ఇనప స్టాండ్లు పెట్టమని వాడే చెప్పాడు, దూరం నుంచే. చక్రం ఊడింది. లోపల డిస్కు, దాన్ని కరిచిపట్టుకుని ఇనప దవడలాంటి క్యాలిపరు కనబడ్డాయి. వెనకున్న బోల్టులు రెండూ పీకి దవడను లాగాను. అది ఊడి చేతుల్లోకొచ్చింది. ఇంత బరువుంటుందని నాకేం తెలుసు? దానికి ఆయిలు గొట్టం ఉంది కదా, వేలాడుతుందిలే అని వదలబోయాను.

"వదలకు!" అని ఒక్క అరుపు అరిచి తమ్ముడు ఉరికాడు. రెండు చేతులా దాన్ని అందుకున్నాడు. "గొట్టం మీద బరువు వెయ్యకూడదక్కా, లోపల తెగుద్ది. బావా, ఒక తీగముక్క!"

మా ఆయన తీగ కోసం పరిగెత్తాడు. నేను కావాలనే అలా చేశానని ఆయన ఇప్పటికీ అంటాడు. నిజం చెప్పాలంటే సగం కావాలనే, సగం తెలియకే. తీగతో క్యాలిపరును పైన కట్టేశాక తమ్ముడు తన చేతుల వంక చూసుకున్నాడు. అప్పటికే మోచేతుల దాకా మసి అంటుకుంది. ఇక లేవలేదు.

పాత డిస్కు మీద గోరు పెట్టి గీశాడు. అంచున గట్టు, మధ్యలో గాడి, అక్కడక్కడా వేడికి నీలంగా కమిలిన మచ్చలు. "దీంతోనా ఆ రోడ్డు దిగుతున్నావు?" అన్నాడు. సమాధానం కోసం ఆగలేదు.

డిస్కు తుప్పు పట్టి, వెనకున్న చక్రం కుదురుకు, అదే హబ్బుకు, అతుక్కుపోయింది. సుత్తితో కొడితే ఉలకదు, పలకదు. దాని ముఖం మీద ఉన్న రెండు చిన్న రంధ్రాల్లో బోల్టులు పెట్టి, ఇదింత అదింత బిగిస్తూ పోయాడు. కాసేపటికి టప్పుమని ఊడి వచ్చింది. మా ఆయన అదిరిపడి వెనక్కి కూర్చున్నాడు. తరవాత వైరు బ్రష్షుతో హబ్బును తోమాడు, తోమాడు, మా అంట్లు ఎవరూ ఏనాడూ అంతలా తోమలేదు.

"చాల్లేరా, అద్దంలా ఉంది," అన్నాను.

"ఇక్కడ తుప్పు పొక్కొకటి మిగిలితే కొత్తది వంకరగా కూర్చుంటుంది. మళ్ళీ అదే వణుకు."

కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా కంపెనీవాళ్ళు నూనె పూస్తారట. దాని మీద జిడ్డు వదిలే మందు కొట్టి శుభ్రంగా తుడిచి ఆరబెట్టాడు. సాయం చేద్దామని మా ఆయన ఒకటి ఎత్తి అందించాడు. తమ్ముడు దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే, తళతళలాడే ముఖం మీద నిండుగా ఐదు వేళ్ళు.

"బావా, పొద్దుట్నుంచి ఏం కలిపావు?"

"వెన్న బిస్కట్ల పిండి."

"బ్రేకుకు వెన్న రాస్తే బండి ఆగదు బావా, జారుద్ది." మళ్ళీ మందు కొట్టి మళ్ళీ తుడిచాడు. బావమరిది బావ బతుకు కోరతాడంటారు గాని, ఇక్కడ బావ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడితేనే అందరికీ బతుకు అన్నాను. ఇద్దరూ నవ్వారు. తమ్ముడి నవ్వు చాలా రోజుల తరవాత విన్నాను. విని మొహం పక్కకు తిప్పుకున్నాను.

పిస్టన్‌ను మెల్లగా వెనక్కి నెడుతూ, బానెట్టు కింద బ్రేకు ఆయిలు డబ్బా పొంగుతుందేమో చూస్తుండమని నన్ను నిలబెట్టాడు. ప్యాడ్లు కూర్చోబెట్టాడు. రెండో వైపూ అలాగే అయింది. చక్రాలు ఎక్కించి, బండి దించి, నట్లు ఎదురెదురువి బిగించుకుంటూ వచ్చాడు. తరవాత తాళం నా దగ్గర తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. బండెక్కి పెడల్ తొక్కాడు. మొదట మెత్తగా పోయింది, తరవాత తరవాత గట్టిపడింది. ఆ మార్పు బయట నిలబడ్డ నాకు కూడా తెలిసింది.

హమ్మయ్య అనుకున్నాను. తొందరపడ్డాను.

దిగి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినవాడు సగం దారిలో వెనక్కి తిరిగి, మళ్ళీ ఎక్కి తొక్కాడు. దిగాడు. ఆయిలు డబ్బా చూశాడు. మళ్ళీ ఎక్కాడు. కింద పడుకుని గొట్టాలు తడిమాడు. మళ్ళీ ఎక్కి తొక్కాడు. కాసేపటికి పానా తీసి, బిగించిన చక్రాన్నే మళ్ళీ విప్పాడు. లోపలంతా సరిగ్గానే ఉంది, మళ్ళీ బిగించాడు. అనుమానం పెనుభూతమంటే ఏమిటో పట్టపగలు మా పెరట్లో చూశాను. సాయంత్రం బన్నులు చల్లారి ట్రేల్లోకి ఎక్కాయి. కింద కొట్లవాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు.

"తాళం ఇవ్వు," అన్నాను.

ఇవ్వలేదు.

"పెడల్ గట్టిపడలేదా?"

"గట్టిగానే ఉంది."

"మరింకేంటి?"

"అప్పుడూ గట్టిగానే ఉందనుకున్నానక్కా," అన్నాడు.

తాళం కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వాడే మళ్ళీ అన్నాడు, నా వంక చూడకుండా. "నువ్వు నడుపు. నేను గేటు దగ్గర ఎదురుగా నిలబడతా. ఆగకపోతే నాకే తగలాలి."

అంతే, జాలి కాస్తా కోపమైపోయింది. "ఎవడు నేర్పాడ్రా నీకీ ప్రాయశ్చిత్తాలు? నిన్ను గుద్ది నేనెలా బతుకుతాననుకున్నావు?" అని అరిచి, వాలు దిగి, మూసిన గేటు ముందు నేనే వెళ్ళి నిలబడ్డాను. "పని చేసింది నువ్వు. తాళం నీ జేబులో ఉంది. మీ షెడ్డు కట్టుబాటు ప్రకారం బండి తియ్యాల్సింది నువ్వే. తియ్యి."

"అక్కా, తప్పుకో."

"తప్పుకోను."

"ఏమే, నీకేమన్నా పిచ్చా?" మా ఆయన గొంతు ఎప్పుడూ లేనంతగా లేచింది.

"మీరు పొయ్యి చూసుకోండి!"

ధైర్యంగానే అన్నాను. వాడి పని మీద నాకు అనుమానం లేదు. కానీ ఇనుముకు అక్కా తమ్ముడూ తెలియదు కదా. గేటు ఊచలు వీపుకు చల్లగా తగులుతున్నాయి. పక్కకు తప్పుకుందామా అని ఒక్కసారి కాదు, చాలాసార్లు అనిపించింది. ఇప్పుడు తప్పుకుంటే వాడు ఇక ఏ బండీ ముట్టుకోడని తెలిసి ఆగాను.

తమ్ముడు జేబులోంచి తాళం తీశాడు. తరవాత బండెక్కాడు. పెడల్ తొక్కుతుంటే వాడి తల ముందుకు వెనక్కి ఊగడం అద్దంలోంచి కనబడింది. ఇంజను మొదలైంది. మా ఆయన ఇటుకలు తీసి పక్కకు జరిగాడు. హ్యాండ్‌బ్రేకు దిగిన చప్పుడు వినబడింది. పికప్పు వాలు మీదికి వచ్చి నెమ్మదిగా నా వైపు దొర్లింది, ఇంకాస్త దొర్లింది. కళ్ళు మూసుకోకూడదనుకుని మూసేసుకున్నాను.

తెరిచేసరికి బండి ముక్కు ఒకసారి కిందికి వంగి పైకి లేస్తోంది. ఆగిపోయింది. నాకూ దానికీ మధ్య మా ఆయన అడ్డంగా రెండుసార్లు పడుకునేంత ఖాళీ ఉంది. కీచుమనలేదు, వణకలేదు. ప్రాణం లేచివచ్చినట్టయింది. గేటు పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాను.

తలుపు దఢాలున తెరుచుకుంది. తమ్ముడు దిగి నా మీదికి వచ్చేశాడు.

"బుద్ధుందా నీకసలు? బండి ముందు నిలబడతారా ఎవరైనా? అదీ వాలులో! కొత్త డిస్కులకీ కొత్త ప్యాడ్లకీ ఇంకా స్నేహమే కుదరలేదు. రోడ్డు మీద తొక్కి తొక్కి అరగదీస్తే గాని పూర్తిగా పట్టవు. తెలియకపోతే తెలిసినవాణ్ణి అడగాలి. అన్నీ నాకే తెలుసనే పొగరు! బన్నులు మోసుకునేదానివి బన్నులు మోసుకో, బ్రేకుల దగ్గర మాత్రం నేను చెప్పింది విను!"

ఊపిరి తిప్పుకోకుండా తిట్టాడు. నేను పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ అలా తిట్టలేదు, తిట్టి ఉంటే ఊరుకునేదాన్ని కాదు. కింద కూర్చుని వాడి మొహం చూస్తూ విన్నాను. ఎర్రగా, మసిగా, కోపంగా ఉన్న ఆ మొహం మా వాడిదే. చలికాలం నుంచి మా ఇంట్లో తిరిగినవాడు ఎవరో మరి.

"ఇంకా ఏమన్నా ఉందా?" అన్నాను.

"ఉంది. లే. బండెక్కు. అరగదీద్దాం, నువ్వు నడుపు."

ట్రేలు ఎక్కించి గేటు తీసి బయల్దేరాం. దారి పొడుగునా పాఠమే. కాస్త వేగం అందుకో, ఇప్పుడు మెల్లగా తొక్కు, మొత్తం ఆపకు, వదిలెయ్, చల్లారనివ్వు, మళ్ళీ అందుకో. మధ్యలో నా గేరు మార్చే పద్ధతికీ, మలుపు తిప్పే పద్ధతికీ వంకలు పెట్టాడు. ప్రతిదానికీ 'సరే తమ్ముడూ' అన్నాను. అన్నకొద్దీ వాడు రెచ్చిపోయాడు. రోడ్డు దిగుతున్నకొద్దీ బ్రేకు బుద్ధిమంతుడిలా చెప్పిన మాట వినసాగింది. స్టీరింగు నా చేతుల్లో నిద్రపోతున్న పిల్లలా ఉంది. ఇన్ని నెలల బరువు ఆ దిగుడులో ఎక్కడెక్కడో జారిపోయింది.

కింద బజారు మొదట్లో, "ఇక్కడ ఆపు," అన్నాడు.

ఆపాను. పక్కన మేస్త్రీ షెడ్డు. మేస్త్రీ బయట కుర్చీలో కూర్చుని టైరు ట్యూబును నీళ్ళలో ముంచి చూస్తున్నాడు.

తమ్ముడు తలుపు మీద చెయ్యి వేసి షెడ్డు వైపు చూశాడు. తరవాత, "రేపట్నుంచి బన్నులు సర్దడానికి ఇంకెవర్నన్నా చూసుకో," అని దిగి, రోడ్డు దాటి నడిచాడు. మేస్త్రీ తలెత్తి చూశాడు. చేతిలోని ట్యూబు నీళ్ళలో జారిపోయినా పట్టించుకోకుండా కుర్చీలోంచి లేచాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. మేస్త్రీ వాడి భుజం పట్టుకుని ఊపుతున్నాడు. వాడు తల దించుకుని ఆయన కాలు వంకే చూస్తున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. హాయిగా, సిగ్గు లేకుండా, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. వెనక ఎవడో హారను కొడుతున్నాడు. కొట్టుకోనీ అనుకున్నాను.

"అక్కా!" బజారంతా తిరిగి చూసేలా షెడ్డు దగ్గర నుంచి కేక వినబడింది. "బ్రేకు మీద కాలు తియ్యి, వెనక ఎర్రలైటు వెలుగుతూనే ఉంది! వేడి డిస్కు మీద ప్యాడును అలా నొక్కి పెట్టుకుని కూర్చుంటావా? మళ్ళీ మచ్చ పడుద్ది!"

కాలు తీశాను. బన్నులు దించడానికి వెళ్ళాను.